39 ఏళ్ల వయసులో ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు) చదువు గిట్టుబాటవుతుందా? టెక్సస్‌లో చేస్తున్నవారు చెప్పగలరు

తెనాలి ఆడపడుచు, ప్లేనో

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. తెనాలిలో బీకాం అయ్యాక, పెళ్లికి ముందు రెండేళ్లు ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో పద్దులు రాశాను. ఇక్కడికి వచ్చి పదమూడేళ్లయింది. మావారిది హెచ్-1బీ, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాం. నాకు హెచ్-4 (ఆయన భార్యగా వచ్చిన వీసా) మీద పని అనుమతి ఉంది. ఆ అనుమతితో నేను ఇప్పటిదాకా చేసిన ఘనకార్యం మన కిరాణా దుకాణంలో వారానికి ఇరవై గంటలు బిల్లులు కొట్టడం. గంటకు 13 డాలర్లు.

ఈ మార్చిలో మావారి ఉద్యోగం పోయింది. ఇక్కడ ఉండాలంటే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలన్న గడువు ఉంటుందని మీకు తెలుసు కదా, యాభై మూడో రోజున ఇంకోటి దొరికింది, జీతం తక్కువ. ఆ యాభై మూడు రోజులూ ఫ్రిజ్ మీది క్యాలెండరులో రోజుకో గడి కొట్టేసుకుంటూ కూర్చున్నాను. ఇంకోసారి అలా కూర్చోవడం నా వల్ల కాదు.

అందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమంటున్నారు. నేర్చుకున్న నా స్నేహితురాళ్లు ముగ్గురూ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని ఇంట్లోనే ఉన్నారు. నా మనసు నర్సింగ్ వైపు పోవడానికి కారణం మా అత్తగారు. రెండేళ్ల కిందట మా దగ్గర ఉండగా ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఎనిమిది నెలలు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం అన్నీ నేనే చేశాను. అసహ్యం అనిపించలేదు. అప్పుడు ఇంటికి వచ్చి చూసివెళ్లిన నర్సు తనది ఎల్‌వీఎన్ లైసెన్సు అనీ, చదువు ఏడాది పైచిలుకేననీ చెప్పింది.

విచారిస్తే రెండు దారులు కనిపించాయి. ఒక ప్రైవేటు కాలేజీలో 14 నెలలు, 31 వేల డాలర్లు, వచ్చే నెలలోనే సీటు ఇస్తామంటున్నారు. కమ్యూనిటీ కాలేజీలో అన్నీ కలిపి 9 వేలు అవుతుందట. కానీ ప్రవేశ పరీక్ష రాయాలి, ముందు కొన్ని సబ్జెక్టులు పూర్తి చేయాలి, సీటు వచ్చేసరికి ఏడాది పట్టవచ్చు. చేతికి నిజంగా ఎంత వస్తుంది? ఉద్యోగాలు ఉన్నాయా? ఈ వయసులో మొదలుపెట్టినవారు ఎవరైనా ఉన్నారా?

తమాషా ఏమిటంటే, నాతో సేవ చేయించుకున్న అత్తగారే ఇప్పుడు ఫోనులో "ఆ ఆయా పని మన ఇంటావంటా లేదు" అంటున్నారు.

రాత్రి డ్యూటీ, కేటీ

చెల్లెమ్మా, అత్తగారి సంగతి తర్వాత చూద్దాం, ముందు డబ్బు.

నేను హ్యూస్టన్‌కు పడమరన కేటీలో, ఒక నర్సింగ్ హోమ్‌లో (మన ఊళ్లలోలా ఆసుపత్రి కాదు, వృద్ధులు, మంచాన పడ్డవారు ఉండే చోటు) రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు దాకా చేస్తాను. మాది ఏలూరు. 2018లో లైసెన్సు వచ్చేసరికి నాకు 40. జీతం మారినప్పుడల్లా వంటింటి డైరీలో రాసుకునే అలవాటు ఉంది, అందులోంచే ఎత్తి రాస్తున్నాను. 2018 జూలైలో మొదటి ఉద్యోగం, గంటకు 21.50. 2020 వేసవిలో 25. 2021లో ఎనిమిది నెలలు, తాత్కాలికంగా నర్సులను పంపే ఏజెన్సీ తరఫున చేసినప్పుడు 46. ఆ అంకె చూసి ఎవరూ ఆశపడకండి, కోవిడ్‌తో వచ్చిన రేటు కోవిడ్‌తోనే పోయింది. 2022లో ఇప్పుడున్న చోట 30తో చేరాను. ప్రస్తుతం రాత్రి భత్యం 2 డాలర్లు కలుపుకుని 34.

వారానికి మూడు రాత్రులు. తిన్నా తినకపోయినా భోజనం పేరుతో అరగంట కోస్తారు కాబట్టి డబ్బు వచ్చేది ముప్పై నాలుగున్నర గంటలకే. ఏడాదికి పన్నులకు ముందు 61 వేలు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ఈ ఉద్యోగానికి మధ్యస్థ జీతం 62,340 డాలర్లు. అంటే ఏడాదంతా వారానికి 40 గంటలు చేసేవారికి గంటకు ఇంచుమించు 30. ఎల్‌వీఎన్ అన్న పేరు టెక్సస్, కాలిఫోర్నియాల్లోనే వినిపిస్తుంది, మిగతా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) అంటారు, లెక్క ఇద్దరికీ కలిపే వేస్తారు. అదే లెక్కలో ఆర్‌ఎన్‌లకు (రిజిస్టర్డ్ నర్సులు, మనకు పై మెట్టు) 93,600. ఈ తేడా మా ఆర్‌ఎన్ సూపర్‌వైజరు కారు పక్కన నా కారు నిలిపినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

నర్సింగ్ హోమ్‌లో కాకుండా డాక్టరు క్లినిక్‌లో చేస్తే శని, ఆదివారాలు సెలవు, రాత్రులు లేవు. నాతో చదివిన అమ్మాయి అక్కడే ఉంది, 24 డాలర్ల దగ్గర ఆగిపోయింది. ఆసుపత్రులు మనల్ని తీసుకోవడం బాగా తగ్గింది, చాలావరకు ఆర్‌ఎన్‌లనే అడుగుతున్నాయి. కాబట్టి ఎల్‌వీఎన్ అంటే మొదటి మూడు నాలుగేళ్లు నర్సింగ్ హోమేనని మనసులో పెట్టుకోండి. కొన్నిచోట్ల శని, ఆదివారాలు పదహారేసి గంటలు చేస్తే ఎక్కువ రేటు ఇస్తారు, ఇక్కడ దాన్ని బేలర్ షిఫ్టు అంటారు. పిల్లలు చిన్నవాళ్లున్న తల్లులు అందుకే ఎగబడతారు. వారమంతా ఇంట్లో ఉండవచ్చు. సోమవారం మాత్రం మనిషి లేవదు.

ఇక ఆ 34 డాలర్లు దేనికి ఇస్తారో వినండి. రాత్రి నా చేతికింద నలభై రెండు మంది. తోడు ఇద్దరు నర్సింగ్ సహాయకులు. ఏడింటికి పగటి నర్సూ నేనూ కలిసి నార్కోటిక్ మందులు బిళ్ల బిళ్ల లెక్కపెట్టి, ఇద్దరం సంతకం పెట్టాకే తాళాలు నా చేతికి వస్తాయి. ఒక్క బిళ్ల తేడా వచ్చినా ఆవిడ ఇంటికి కదలడానికి లేదు. ఎనిమిదికి మందుల బండి తోయడం మొదలుపెడితే పదకొండు దాటుతుంది. మింగలేనివారికి బిళ్ల నూరి ఆపిల్ గుజ్జులో కలపాలి, నూరకూడని బిళ్లలు కొన్ని ఉంటాయి, అవి కంఠతా రావాలి. కడుపులోకి గొట్టం పెట్టినవారు ముగ్గురు. తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ చక్కెర పరీక్షలు, థైరాయిడ్ బిళ్లలు. సరిగ్గా ఆ మధ్యలోనే ఒక పెద్దాయన బాత్‌రూముకని మంచం దిగి పడతాడు. ఇక తల చూడాలి, డాక్టరుకు ఫోను చేయాలి, నిద్రలో ఉన్న కూతురికి ఫోను చేయాలి, పదిహేను నిమిషాలకోసారి నాడి, కంటిపాప చూసి రాయాలి. మిగతా నలభై ఒక్క మంది చక్కెర పరీక్షలు ఎవరూ వాయిదా వేయరు.

ఇంత చేసినా లైసెన్సుకు హద్దులున్నాయి. కొత్తగా చేరిన మనిషిని తలనుంచి కాలిదాకా సమగ్రంగా అంచనా వేయడం ఆర్‌ఎన్ పని. మనం గమనించింది రాసి, పైకి తెలియజేస్తాం. టెక్సస్‌లో ఎల్‌వీఎన్ స్వతంత్రంగా పనిచేయదు, ఆర్‌ఎన్ గానీ డాక్టరు గానీ పైన ఉండాలి. మొదట్లో ఇది చిన్నతనంగా అనిపించేది. ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికి "ఇది మీరు చూడండి" అని చెప్పే హక్కు నాకు ఉందని అనుకుంటాను.

ఒక దెబ్బ కూడా చెప్పాలి. మొదటి ఉద్యోగంలో రాతపని మిగిలిపోతే, కార్డు కొట్టేసి బయటికి వెళ్లినట్టు చూపించి, తర్వాత కూర్చుని రాయమనేవారు. కొత్త కదా, నోరెత్తలేదు. ఐదు నెలలు, డ్యూటీకి గంట చొప్పున. డైరీలో కూడితే 1,400 డాలర్ల చిల్లర వదిలేశాను. మీరు చిట్‌ఫండ్‌లో పద్దులు రాసిన మనిషి, మీకు ఇలా జరగదనుకుంటాను.

ఉద్యోగాలకు కొదవ లేదు. రాబోయే పదేళ్లలో పెరుగుదల 3 శాతమేనని అదే సంస్థ అంచనా, అయినా ఏటా సుమారు 54 వేల ఖాళీలు వస్తాయంటోంది. అంటే ఖాళీల్లో చాలావరకు ఉన్నవాళ్లు మానేయడం వల్ల వచ్చేవే. నేను చేరాక మా రాత్రి వరుసలో తొమ్మిది మంది మారారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం నర్సింగ్ హోమ్‌లకు ఒక నిబంధన పెట్టింది. ఒక్కో రోగికి రోజుకు 3.48 గంటల నర్సింగ్, అందులో ఆర్‌ఎన్‌లవి 0.55, సహాయకులవి 2.45. మన ఎల్‌వీఎన్‌లకు విడిగా వాటా లేదు. మిగిలిన కాస్తలోనే మనల్ని సర్దుకోవాలి. మమ్మల్ని తీసేసి సహాయకులను పెంచుతారని మా దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టే దాన్ని కొట్టేసింది. అలా కొట్టేయడం రోగులకు మంచిదా అంటే నేను కాదనే అంటాను. నా ఉద్యోగం మాత్రం నిలిచింది.

చివరగా వీసా. రెండో జీతం ఉంటే ధైర్యం అంటున్నారు, నిజమే. కానీ మీ అనుమతి మీవారి వీసాకు కట్టి ఉంది, ఆయన ఉద్యోగం పోతే ఆ 60 రోజుల గడియారం మీకూ తిరుగుతుంది. పని అనుమతి కార్డును పొడిగించమని 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు ఇదివరకటిలా 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువు తీరిన రోజునే డ్యూటీ పట్టికలోంచి పేరు తీసేస్తారు. 180 రోజుల ముందే పెట్టుకోవచ్చు, ఆ మొదటి రోజే పెట్టండి. లైసెన్సు మాత్రం మీదే, దాన్ని ఎవరూ లాక్కోరు.

ఒకప్పటి ఎల్‌వీఎన్, శాక్రమెంటో

కేటీ అక్క రాసినదాంట్లో తప్పు పట్టడానికి లేదు గానీ, నేను వేరే మాట చెబుతాను. వీలుంటే నేరుగా ఆర్‌ఎన్‌కు వెళ్లండి. కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ నర్సింగ్ రెండేళ్లే. ముందు చదవవలసిన అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీలతో కలిపి మూడేళ్లు అనుకోండి. నేను ఎల్‌వీఎన్ ముందు చేసి, నాలుగేళ్లు పని చేసి, మళ్లీ ఆర్‌ఎన్‌గా మారే బ్రిడ్జి కోర్సులో చేరాను. దారిలో రెండుసార్లు పరీక్ష ఫీజులు, రెండుసార్లు వేలిముద్రలు, రెండుసార్లు ఇంట్లో గొడవలు.

కాలిఫోర్నియా వివరాలు అవసరమైనవారి కోసం. ఇక్కడ ఎల్‌వీఎన్ చదువు కనీసం 1,530 గంటలు, అందులో 954 గంటలు రోగుల దగ్గరే. టెక్సస్‌లో 1,398 అనుకుంటే సరిపోతుంది. జీతం ఇక్కడ ఎక్కువ, నేను 2019లో వదిలేసేనాటికి గంటకు 31 ఉండేది, మా పాత స్నేహితురాలు ఇప్పుడు 39 తీసుకుంటోంది. అద్దె కూడా దానికి తగ్గట్టే తీసుకుంటారు లెండి. రోజుకు ఎనిమిది గంటలు దాటితే ఇక్కడ ఓవర్‌టైమ్ లెక్క మొదలవుతుంది, టెక్సస్‌లో వారానికి 40 దాటాలి. సిరకు సూది (ఐవీ) పెట్టాలంటే లైసెన్సు కాక విడిగా సర్టిఫికెట్ తీసుకోవాలి, అది తీసుకున్నా సిరలోకి మందు నేరుగా ఎక్కించడం మన హద్దు కాదు.

ఒక గొయ్యి ఉంది, అందులో పడకండి. ఇక్కడ ఎల్‌వీఎన్‌లకు "30 యూనిట్ల దారి" అని ఒకటి ఉంది. డిగ్రీ లేకుండా తక్కువ కోర్సులతో ఆర్‌ఎన్ పరీక్ష రాయనిస్తారు. వినడానికి బాగుంటుంది. ఆ లైసెన్సును వేరే రాష్ట్రాలు చాలావరకు ఒప్పుకోవు. మీవారి ప్రాజెక్టు రేపు నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు మారితే మీరు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే. అన్నట్టు, ఒకే లైసెన్సుతో పలు రాష్ట్రాల్లో పనిచేయనిచ్చే నర్సుల ఉమ్మడి లైసెన్సు ఒప్పందంలో టెక్సస్ ఉంది, కాలిఫోర్నియా లేదు. మనవాళ్లకు ఊళ్లు మారడం మామూలు కాబట్టి ఈ ఒక్క విషయంలో మీ రాష్ట్రమే నయం.

బాబు దగ్గర నర్సు, ఆర్లింగ్టన్

మగవాళ్లు కూడా ఉన్నామని గుర్తు చేయడానికి రాస్తున్నాను. మాది ఖమ్మం జిల్లా. నేను నర్సింగ్ హోమ్‌లో పదకొండు నెలలు చేసి నడుము పట్టేసి మానేశాను. ఇప్పుడు ఇంటి దగ్గర చూసే ఉద్యోగం. నాలుగేళ్ల బాబు, మెడలో శ్వాస గొట్టం, రాత్రి వెంటిలేటరు. పది గంటలు వాడొక్కడే నా రోగి. గంటకు 27. నలభై మందికి మందులు పంచి 34 తీసుకోవడం కంటే నాకు ఇదే నచ్చింది.

ఇబ్బంది ఎక్కడంటే, బాబును ఆసుపత్రిలో చేరిస్తే నాకు పని ఉండదు, డబ్బూ ఉండదు. పోయిన ఫిబ్రవరిలో పదహారు రోజులు అలాగే పోయాయి. ఇంట్లో ఇంకొకరి జీతం ఉంటేనే ఈ పని సాగుతుంది. అలాగే చదువు అవగానే ఇందులోకి రాకండి. గొట్టం మూసుకుపోయిన క్షణంలో పక్కన అడగడానికి ఎవరూ ఉండరు.

జీఎన్ఎం, నెల్లూరు

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మా పిన్నిగారి అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు. ఎల్‌వీఎన్ పరీక్ష రాస్తే త్వరగా రావచ్చని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు, రెండు లక్షలు కట్టమంటున్నారు. నిజమేనా అక్కా?

ఒకప్పటి ఎల్‌వీఎన్, శాక్రమెంటో

కట్టకమ్మా. అమెరికాలో నర్సుల కోసం గ్రీన్‌కార్డుకు ఉన్న షెడ్యూల్ ఏ అనే సులువు దారి ఆర్‌ఎన్‌లకు మాత్రమే, ఎల్‌వీఎన్‌లకు కాదు. నీ జీఎన్ఎంతో నువ్వు ఆర్‌ఎన్‌కే ప్రయత్నించవచ్చు. సర్టిఫికెట్ల మూల్యాంకనం, ఆంగ్ల పరీక్ష, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే లైసెన్సు పరీక్ష, ఆ తర్వాత వీసాకు కావలసిన వీసాస్క్రీన్ సర్టిఫికెట్. ఏళ్లు పడుతుంది, అయినా దారి అదే. మొదటి రాష్ట్రంగా మాత్రం కాలిఫోర్నియాను పెట్టుకోకు. మన కాలేజీల్లో పాఠం ఒక ఏడాది, దాని ప్రాక్టికల్ ఇంకో ఏడాది ఉన్నాయని ఇక్కడి బోర్డు చాలామందిని ఆపేస్తుంది.

తెనాలి ఆడపడుచు, ప్లేనో

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. కేటీ అక్క డైరీ చదివాక నేనూ ఒక కాగితం తీశాను. తప్పుంటే దిద్దండి.

ప్రైవేటు కాలేజీకి అదనంగా అయ్యేది 22 వేలు. కొత్తవారికి గంటకు 28 వస్తుందనుకుంటే, నా కిరాణా దుకాణం జీతం కంటే 15 ఎక్కువ. దుకాణంలోనూ అన్నే గంటలు చేస్తాననుకుని, వారానికి ముప్పై నాలుగున్నర గంటలు, 52 వారాలు లెక్కవేస్తే ఏడాదికి దాదాపు 27 వేలు. కమ్యూనిటీ కాలేజీ సీటు కోసం ఏడాది ఆగితే ఆ 27 వేలు పోతాయి కదా? మరి 22 వేలు ఎక్కువ కట్టి ప్రైవేటులో ఇప్పుడే చేరడమే లాభం కదా? మావారికి చూపిస్తే లెక్క సరిగ్గానే ఉందన్నారు.

ఆర్‌ఎన్ సలహా బాగుంది గానీ మూడేళ్లు ఇంట్లో ఒప్పించలేను. ఇంకొక సందేహం, నవ్వకండి. మేము శాకాహారులం. అక్కడ మాంసం ముట్టుకోవాలా అని అత్తగారు అడగమన్నారు.

రాత్రి డ్యూటీ, కేటీ

లెక్క బాగా వేశారు, కూడికలో తప్పు లేదు. పద్దులోకి ఎక్కించనివి కొన్ని ఉన్నాయి.

ఆ 27 వేలలో పన్ను పోతుంది, 22 వేలకు మాత్రం అప్పు మీద వడ్డీ తోడవుతుంది. రెండూ ఒకే కట్టలో నోట్లు కావు. ఆ ప్రైవేటు కాలేజీలో సంపాదించిన క్రెడిట్లను రేపు మీరు ఆర్‌ఎన్ బ్రిడ్జికి వెళ్లినప్పుడు కమ్యూనిటీ కాలేజీ ఒప్పుకుంటుందా అన్నది కాగితం మీద రాయించుకున్నారా? నాతో చదివినవారిలో ఇద్దరికి ఒప్పుకోలేదు, అనాటమీ మళ్లీ మొదటినుంచి చదివారు. ఇంకోటి, ప్రతి కాలేజీలో ఎంతమంది మొదటిసారే ఎన్‌క్లెక్స్-పీఎన్ (మన లైసెన్సు పరీక్ష) గట్టెక్కారో టెక్సస్ నర్సింగ్ బోర్డు తన వెబ్‌సైటులో పెడుతుంది. 80 శాతం ఉండాలన్నది బోర్డు గీత. ఆ కాలేజీ పేరు అక్కడ వెతికి, నాలుగైదు ఏళ్ల అంకెలు చూడండి. వచ్చే నెలలోనే సీటు ఇస్తామని పిలిచి మరీ చెప్పేవారి అంకెలు ముందు చూడాలి. పరీక్ష ఫీజు 200 డాలర్లే, కానీ తప్పితే మళ్లీ కట్టాలి, మళ్లీ తేదీ దొరకాలి. టెక్సస్‌కు దానితో పాటు నర్సింగ్ చట్టాల మీద చిన్న ఆన్‌లైన్ పరీక్ష కూడా ఉంది, దానికి భయపడనక్కరలేదు.

ఏడాది ఆగడమంటే కిరాణా దుకాణంలోనే ఉండటం అని ఎందుకు అనుకుంటున్నారు? నర్సింగ్ సహాయకుల కోర్సు ఇక్కడ 100 గంటలు, అరవై తరగతిలో, నలభై రోగుల దగ్గర. కొన్ని నర్సింగ్ హోమ్‌లు ఫీజు తీసుకోకుండా తామే నేర్పి ఉద్యోగం ఇస్తాయి. ఇప్పుడు చేరితే దసరాకల్లా చేతికి వస్తుంది. గంటకు 17, 18 డాలర్లు, మీ దుకాణం కంటే నయమే. ఆ పక్కన రాత్రులు అనాటమీ చదువుకోండి, ప్రవేశ పరీక్ష రాయండి.

నేను ఇది డబ్బు కోసం చెప్పడం లేదు. మీ అత్తగారు ఒక్కరు. ఆవిడ మీకు తెలుసు, మీ మీద కోపం వచ్చినా తెలుగులో తిట్టారు. రోజుకు పది మందిని, మీ పేరు పలకలేనివారిని, మీ చేయి కొరికేవారిని, నిన్న చెప్పింది ఇవాళ గుర్తులేనివారిని మూడు నెలలు చూడండి. మా బ్యాచిలో ఇరవై ఆరు మందిమి మొదలుపెట్టాం, పదిహేడు మందిమి బయటికి వచ్చాం. వెనక్కి వెళ్లిన తొమ్మిది మందిలో చదువు రాక పోయినవారు ఇద్దరో ముగ్గురో. మిగతావారికి మొదటిసారి ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టాక తెలిసింది, ఇది తమ పని కాదని. అప్పటికే ఫీజు కట్టేశారు. మీరు అది 31 వేలు పెట్టి తెలుసుకోవద్దు, 100 గంటలు పెట్టి తెలుసుకోండి.

మీవారినీ ఒక మాట అడగండి. ఉదయం ఐదున్నరకు మీరు ఇంట్లో లేనప్పుడు పిల్లలుంటే వాళ్లను లేపి బడికి తయారు చేసేది ఎవరు? మా ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికే ఏడాది పట్టింది. క్లినికల్ రోజుల్లో, అంటే రోగుల దగ్గర నేర్చుకునే రోజుల్లో, ఆరున్నరకే వార్డులో ఉండాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే వెనక్కి పంపేవారు, ఆ గంటలు మళ్లీ ఎక్కడో పూడ్చుకోవాలి.

మాంసం సంగతికి నవ్వలేదు, మా అత్తగారూ ఇదే అడిగారు. భోజనం పళ్లేలు అందించడం, తినలేనివారికి తినిపించడం సహాయకులు చేస్తారు, అంటే ఆ కొద్ది నెలలూ మీరే. గొడ్డు మాంసం ముక్క కోసి చెంచాతో అందించాలి. నేను చేతి తొడుగులు వేసుకుని చేశాను, ఇంటికి వచ్చి తలస్నానం చేసేదాన్ని. మూడో వారానికి తలస్నానం మానేశాను, నిద్ర ముఖ్యమనిపించి. కొందరు చివరిదాకా చేస్తారు, అందులోనూ తప్పు లేదు. ఎల్‌వీఎన్ అయ్యాక మన చేతికి వచ్చేది ఎక్కువగా ఆపిల్ గుజ్జే.

ఇక "ఆయా పని". దానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. మా అమ్మకు నాలుగేళ్లు నేను ఆసుపత్రి ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తున్నానని చెప్పాను. తర్వాత నిజం చెబితే కొన్నాళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు రోజూ తన బీపీ బిళ్ల గురించి నాకు ఫోను చేసి, పక్కింటివాళ్లకు మా అమ్మాయి అమెరికాలో డాక్టరని చెబుతోంది. అది కూడా నేను దిద్దడం మానేశాను.

సహాయకుల కోర్సులో చేరితే ఇక్కడే రాయండి. బూట్లు మాత్రం అర సైజు పెద్దవి కొనుక్కోండి, డ్యూటీ ముగిసేసరికి పాదాలు వాస్తాయి.